తొమ్మిది గ్రేడుల మలుపు

ఒదీల్ మరేషాల్ చెర్రీ చెట్లు ఆరింటిని, ఉచితంగా దొరికే కంప్యూటర్ లెక్కల భాష ఒకటి మింగేసిందని వాల్‌రెమీలో అందరూ నమ్మారు. రొట్టెల దుకాణంలో నమ్మారు, కాఫీ బల్లల దగ్గర నమ్మారు, పురపాలక సభలో సైతం నమ్మారు. జనవరిలో భూమి కొలతల కార్యాలయంలోని కంప్యూటర్‌లో ఆ భాషను పెట్టించినట్టు ఊరి పత్రికలో పడింది. ఫిబ్రవరిలో కొత్త సరిహద్దు ప్లాను వెలువడి, చెట్లు పొరుగింటి ఫాబ్రీస్ పాలయ్యాయి. అంతకు మించిన సాక్ష్యం ఎవరికి కావాలి?

గురువారం వాటిని నరకడానికి ఫాబ్రీస్ రంపాలు వస్తాయి. బుధవారం ఒదీల్ ఆ కార్యాలయం తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"ఏదమ్మా, ఆ చెట్లు తినే యంత్రం?"

ఉద్యోగంలో చేరి ఏడాదైనా నిండని సొలెన్ కంప్యూటర్ ముందు నుంచి లేచి నిలబడింది. "కూర్చోండి మేడమ్. అసలా ప్లాను..."

"కూర్చోను. ముప్పై ఒక్క ఏళ్లు ఈ ఊరి పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. ఊరికే దొరికిన యంత్రపు లెక్క నమ్మి నా చెట్లు నరికిస్తారా?"

లోపలి గదిలోంచి అధికారి రొబ్లే గొంతు వినిపించింది. "నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను, మేడమ్ మరేషాల్! ఉచితమంటే అంతే మరి. పైవాళ్లు పెట్టించారు, ఏం చేస్తాం?"

"ప్లాను మీద సంతకం మీదే కదండీ, రొబ్లే గారూ!"



సొలెన్ కుర్చీ జరిపింది. "లంబకోణానికి సైను ఎంత, మేడమ్?"

"నన్నే పరీక్షిస్తున్నావా పిల్లా? ఒకటి."

"అదే దీన్ని అడగండి. మీరే కొట్టండి, కరవదు."

ఒదీల్ రెండు వేళ్లతో కొట్టింది. కొలతలవాళ్ల లంబకోణం తొంభై డిగ్రీలు కాదు, నూరు గ్రేడులు. అందుకని నూరుకు సైను అడిగింది. తెర మీద మైనస్ గుర్తుతో సున్నా పాయింట్ అయిదు చిల్లర పడింది.

"చూశావా! లంబకోణానికి రుణసంఖ్యట! నా తరగతిలో ఎవడైనా ఇలా రాస్తే గోడ వైపు తిప్పి నిలబెట్టేదాన్ని."

"దానికి గ్రేడులు తెలియవు మేడమ్, రేడియన్లు కావాలి." సొలెన్ కరపుస్తకం తెరిచి మొదటి పేజీ మీద వేలు పెట్టింది. "నూరును పై (π)తో హెచ్చవేసి, రెండు వందలతో భాగించి ఇవ్వండి."

ఈసారి ఒకటి వచ్చింది.

"ఊఁ," అంది ఒదీల్, కళ్లద్దాలు సర్దుకుంటూ. "సరిగా అడిగితే సరిగానే చెబుతోంది. ఇంకేం, నా హద్దు అడుగుదాం."

సొలెన్ కొలతల పుస్తకం తీసింది. "హద్దురాయి దగ్గర రోడ్డు నుంచి తొమ్మిది గ్రేడుల మలుపు, అక్కణ్ణుంచి నూట ఇరవై మీటర్లు. వీటి మీద మీకూ ఫాబ్రీస్‌కూ పేచీ లేదు కదా?"

"లేదు. కొలిచినప్పుడు ఇద్దరం అక్కడే ఉన్నాం."

తొమ్మిది గ్రేడుల సైనును నూట ఇరవైతో హెచ్చవేస్తే, హద్దు చివర రోడ్డుకు ఎంత దూరమో తేలుతుంది. 16.9 మీటర్లని తేలింది. ప్లానులో ఉన్నది 18.8. రోడ్డుకూ హద్దుకూ నడుమ నేల ఫాబ్రీస్‌ది. హద్దు దాదాపు రెండు మీటర్లు రోడ్డు వైపు జరగగానే ఆరు చెట్లూ ఒదీల్ దొడ్లోకి తిరిగి వచ్చేశాయి.

ఆమె ముఖం సంతోషంతో కాదు, కోపంతో ఎర్రబడింది. "అప్పుడొక జవాబు, ఇప్పుడొక జవాబా? ఫాబ్రీస్‌కొకటీ నాకొకటీనా?"

"తొమ్మిదిని గ్రేడులు కాదు, డిగ్రీలనుకుని మళ్లీ కొట్టండి."

ఒదీల్ కొట్టింది. 18.8 వచ్చింది.

"అంటే డిగ్రీలనుకుని నువ్వే కొట్టేశావన్నమాట! నీ పరధ్యానానికి నా చెట్లు బలి!"

"నేను కాదు మేడమ్," అంది సొలెన్, లోపలి గది వైపు చూస్తూ.

"మరి అదే కొట్టుకుందా? ఇందులో చేసిన లెక్కలన్నీ దాచిపెడుతుందా, లేదా?"

"దాచిపెడుతుంది. తేదీలతో సహా."

"ఫిబ్రవరిది తియ్యి. ఫాబ్రీస్‌కూ మేయరుకూ చూపిస్తాను. ఊరంతా చూడాలి!"

రొబ్లే కోటు తొడుక్కుని గదిలోంచి బయటికి వచ్చాడు. చేతిలోని కాలిక్యులేటర్‌ను జేబులోకి జారవిడుస్తూ, "సొలెన్, భోజనానికి వేళయింది. తలుపులు ముయ్యి," అన్నాడు.

"పదకొండు కాలేదు. మీరూ కూర్చోండి, రొబ్లే గారూ," అంది ఒదీల్.

ఆయన కూర్చున్నాడు. సొలెన్ పాత లెక్కల పట్టిక తెరిచి, చిట్టచివరి దాకా జరిపింది. ఉన్నవి నాలుగే పంక్తులు. నాలుగింటి మీదా ఆ ఉదయపు తేదీయే.

అంతకుముందు అక్కడ ఆ భాషతో ఎవరూ ఒక్క లెక్కా చేయలేదు.