చైర్మన్ గారి ఇంటి లైను

ముసురు పట్టి నాలుగు రోజులైంది. కప్పు మీది సౌర పలకలు ఇచ్చే కాస్త కరెంటుతో మిక్సీ అయినా తిరగాలి, ఇస్త్రీపెట్టె అయినా వేడెక్కాలి.

"చట్నీ లేకపోతే ఉప్మా గొంతు దిగదా?" అన్నాడు భానోజీ.

"చొక్కా నలిగితే ఆఫీసు కూలిపోతుందా?" అంటూ ఇందుమతి మిక్సీ వేసింది.

అంతలో గోడ మీది వీడియో తెర వెలిగి, కొత్త సోలార్ కంపెనీ చైర్మన్ నవ్వుతూ కనిపించాడు. కప్పును ఇరవై ఏళ్లకు రాసిస్తే కంపెనీలో వాటాలిస్తాడట. వానల్లోనూ నిండు కరెంటేనట. ఊళ్లో పాత కరెంటు లైన్లు పీకేశాక ఈ మాట చెప్పిన కంపెనీల్లో ఇది మూడోది. మొదటి రెండూ మూతపడితే, వాటి పలకల్లో చచ్చినవి దింపించుకోవడానికి మనుషుల చుట్టూ తిరిగింది ఇందుమతే. ఇల్లు ఆమె పేరున ఉంది. వీధిలో మిగతా అందరూ వేలిముద్రలు వేసేశారు.

"మీ ఇంటి మీదా ఇవే పలకలాండీ?" అని గోడను అడిగింది.

"మాది సిటీలో అపార్ట్‌మెంట్ కదమ్మా, ఇంకా పాత లైనే!" అన్నాడాయన హుషారుగా.

ఉప్మా వడ్డిస్తూ ఇందుమతి అలసటగా చెప్పింది. "నేను వేలిముద్ర వెయ్యను."

"వీధి మొత్తానికి మనమే మిగుల్తామే!"

"మిగుల్దాం. ఆయన్ని తన ఇంటి లైను తెంపించుకుని ఒక్క వానాకాలం గడిపి రమ్మనండి. అప్పుడు మాట్లాడతాను."