ఫ్లైఓవర్ సీన్

టికెట్ చేతికి రాకముందే కొమురయ్య అడిగాడు.

"ఫ్లైఓవర్ మీదికెల్లి దుంకే సీను ఇందుల గూడ ఉన్నదా?"

పరాయి దేశంలో, హెండర్సన్ అనే శివారు పేటలో చిన్న థియేటరు అది. ఆదివారం మధ్యాహ్నం ఒక్క ఆట కోసం కన్నడ కుర్రాళ్ళు అద్దెకు తీసుకున్నారు. తెలుగులో మూడేళ్ళ కిందట విరగబడి ఆడిన సినిమాకు కన్నడ రీమేకు. నాలుగు ఫైట్లు, వాటి మధ్య కామెడీ, చివర పెళ్ళి. గుమ్మం దగ్గర టికెట్లు ఇస్తున్న గిరీశ్‌ది కోలార్. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. అందుకే తెలుగువాళ్ళు ఎవరొచ్చినా అతనికే అప్పజెబుతారు.

"ఉండకేం అంకుల్. అది లేకపోతే ఇంకేం రీమేక్?"

"ఎవలు దుంకిండ్రు?"

"మా హీరోనే. డూప్ లేకుండా చేసినాడంట. టీవీలో చెప్పినాడు."

కొమురయ్య ముఖం వాడిపోయింది. "ఖాయమేనా బిడ్డా?" అన్నాడు.

రుచిత తండ్రి మోచెయ్యి పట్టుకుంది. "బాపూ, ఇంటికి పోదాం పా."

"చూసే పోదం."

రుచిత ఉండే పాపటోయిటోయి నుంచి ఇక్కడిదాకా మోటార్‌వే పొడుగునా ఇదే గొడవ. రుచిత ఎయిర్‌పోర్టు పక్కన వేర్‌హౌస్‌లో పనిచేస్తుంది. వారానికి దొరికేది ఒక్క సెలవు. విజిటర్ వీసా మీద వచ్చిన తండ్రికి బీచ్ చూపిస్తానంది, కొండ ఎక్కిస్తానంది. ఇండియన్ షాపు అద్దానికి అంటించిన పోస్టరు చూసినప్పటి నుంచి ఆయనకు ఏదీ పట్టడం లేదు.

"నీకు కన్నడం ఒక్క ముక్క రాదు గద బాపూ."

"మాటలతోని నాకేం పని? ఆ సీను మళ్ల తీసిండ్రా లేదా, అదొక్కటి తెలువాలె."

తెలుగు సినిమా ఆడినన్నాళ్ళూ కరీంనగర్‌లోనూ ఇదే వరస. ఇంటర్వల్ దగ్గరపడ్డాక లోపలికి పోయేవాడు. ఆ ఒక్క సీను చూసి బయటికి వచ్చేవాడు. తాతకు హీరో పిచ్చి ముదిరిందని గేటు దగ్గరి కుర్రాళ్ళు నవ్వుకునేవారు. కొన్నాళ్ళకు టికెట్ అడగడం కూడా మానేశారు.

గిరీశ్‌కు కూడా అదే అనుమానం వచ్చింది. తన తెలుగు హీరో ఎక్కడ తేలిపోతాడోనని ఈ పెద్దాయన బెంగ. ఆట మొదలవగానే వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. ముసలాయన ముఖం ఎలా మాడుతుందో చూడాలని అతని సరదా.

ఇంటర్వల్ ముందు ఆ సీను వచ్చింది.

ఫ్లైఓవర్ మీద హీరో పరుగు. వెనక రౌడీలు. హీరో కాలు పట్టుకుని దేక్కుంటూ వస్తున్న కమెడియన్, జారిపోతున్న అతని ప్యాంటు. హాలు ఘొల్లుమంది. హీరో పిట్టగోడ ఎక్కి, వెనక్కి తిరిగి ఒక డైలాగు కొట్టి, దూకాడు. కెమెరా దూరం నుంచి చూపించింది. కింద దూది బేళ్ళ లారీ. మనిషి గాలిలో ఒకసారి మెలి తిరిగి అందులో పడ్డాడు. మరుక్షణం హీరో ముఖం నిండా దూదితో లేచి, దులుపుకుని కన్ను కొట్టాడు. కాగితాలు విసిరితే క్లీనింగ్ డబ్బులు కట్టాలని థియేటరు మేనేజరు ముందే చెప్పాడు కాబట్టి జనం ఈలలతో సరిపెట్టుకున్నారు.

కొమురయ్య రెండు చేతులూ చాచి లేచి నిలబడ్డాడు.

"అంకుల్, ప్లీజ్, కూర్చోండి," వెనక నుంచి ఎవరో కసిరారు.

ముందు వరసలో ఒకావిడ పకపకా నవ్వింది. "బెంగళూరు ఫ్లైఓవర్ మీద తెలుగు బోర్డేంటే?"

గిరీశ్ కూడా చూశాడు. హీరో దూకుతున్నప్పుడు వెనక హోర్డింగు మీద ఇంతింత తెలుగు అక్షరాలు. అతని తల వాలిపోయింది. ఖర్చు ఎక్కువయ్యే షాట్లను కొందరు రీమేకువాళ్ళు మళ్ళీ తియ్యరు. పాత సినిమా వాళ్ళ దగ్గరే కొని అతికిస్తారు. ముందూ వెనకా తమ హీరో ముఖం పెడితే పనైపోతుంది. సొమ్మొకడిది, సోకొకడిది.

కొమురయ్య బయటికి వచ్చి లాబీలో కూలబడ్డాడు. రుచిత నీళ్ళ బాటిల్ మూత తీసి ఇచ్చింది. గిరీశ్ వెనకే వచ్చాడు. ఆ సీను డూప్ లేకుండా చేశాడని హాలు బయట అందరికీ చెప్పింది తనే మరి.

"మీ హీరో దుంకలే గద బిడ్డా?"

"లేదు అంకుల్. తెలుగు షాటే తెచ్చి పెట్టేసినారు."

"ఇంకెవలన్న దుంకిండ్రా?"

"ఎవరూ దూకలేదు. మళ్ళీ తియ్యనే లేదు."

"మంచిగైంది," అన్నాడు కొమురయ్య. గుండెల మీది బరువు దిగినట్టు గట్టిగా ఊపిరి వదిలాడు. కళ్ళు మాత్రం కారిపోతున్నాయి. "చాన మంచిగైంది."

గిరీశ్‌కు ఒళ్ళు మండింది. తమ పరువు పోతే ఇంత సంబరమా?

"సరే అంకుల్, మీ తెలుగు హీరోనే గొప్ప. ఒక్కసారి దూకి రెండు సినిమాలు ఆడించుకున్నాడు. ఇంక ఏడుపెందుకు, పండగ చేసుకోండి."

లోపల జనం ఇంకా నవ్వుతున్నారు. రుచిత బాటిల్ మూత బిగించి అతని వైపు తిరిగింది.

"మీ హీరో దుంకలే, మా హీరో గూడ దుంకలే, దుంకింది మా అన్న, ఆ లారీలకెల్లి మళ్ల లేవలే."