గ్రాందే కాదు, అంప్లియో

స్పానిష్ తరగతిలో కొత్తగా చేరిన అక్క, తన కొత్త గదిని వర్ణిస్తూ నాలుగు వాక్యాలు రాసి, ఆ భాష ముందే నేర్చుకున్నదాన్నని, దిద్దమని నా చేతికిచ్చింది. ఇన్నేళ్లూ మేమిద్దరం సర్దుకుని ఉన్న ఇరుకు గదిని వదిలి, రేపు ఆ కొత్త గదికి మారుతోంది. "నా గది అంప్లియో" అన్న తొలి వాక్యానికే నా ఒళ్లు మండింది.

"ఒప్పుకోను. గ్రాందే అని రాయి, చాలు."

"రెండిటికీ పెద్దదనేగా అర్థం?"

"కాదు. గ్రాందే అంటే కేవలం సైజు. ఆంచో అంటే వెడల్పు. అంప్లియో అనాలంటే మసలడానికి చోటుండాలి. ఇంకో మనిషి వచ్చినా ఇరుకనిపించకూడదు."

"అబ్బో, మొదలైంది డిబేటు! నా గదిమీద అంత కుళ్లేమిటే నీకు?"

"కుళ్లు కాదు, నిర్వచనం. ఇంకో మనిషికి చోటుందా, లేదా? అది చెప్పు."

వేదికమీద ప్రత్యర్థిని నిలదీసినట్టే అడిగాను గానీ, "నువ్వూ వచ్చేయవే" అన్న ఒక్క మాట కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను.

"బోలెడుంది. మా ఆఫీసు పిల్ల కూడా నాతోనే దిగుతోందిగా. రెండు మంచాలూ వేసేశాం," అంది అక్క మురిసిపోతూ.

నిర్వచనం నాదే. దాన్ని కాదనే దారి నాకు లేదు.

"అయితే అంప్లియోనే సరి," అని కాగితం తిరిగిచ్చేశాను.