కోళ్లు చెప్పని మాట

"కోళ్ల కడుపు బాగా మాడ్చావా?" అన్నాడు రోమన్ సేనాని తితీనియస్, శకునం చెప్పే కోళ్ల బోనుకేసి చూస్తూ.

"మాడ్చాను దొరా," అన్నాడు కోళ్ల కాపరి నుమీసియస్. బోను గడియ మీద చెయ్యేసి ఆగాడు.

"మరి ఆ తటపటాయింపేంటయ్యా? నేను గ్రీసులో తత్వం చదివినవాణ్ణి. కోడిముక్కుతో మాట్లాడాల్సిన ఖర్మ దేవుళ్లకేంటి? నమ్మేది సైనికులు. అవి ఆబగా తింటూ గింజలు రాలిస్తే శుభశకునం, వెంటనే యుద్ధం. ముట్టకపోతే ఇవాళ్టికి లేనట్టే. తలుపు తియ్యి!"

ముందు వరసలో నుమీసియస్ కొడుకు డాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తండ్రి అటు చూడలేదు. తలుపు తీసి గింజలు చల్లాడు.

కోళ్లు ఎగబడ్డాయి. ముక్కుల్లోంచి గింజలు జలజలా రాలాయి. సైన్యం హోరెత్తింది.

"శభాష్! గట్టిగానే మాడ్చావు," అని నవ్వుతూ సేనాని గుర్రమెక్కాడు.

నుమీసియస్ రాలిన గింజలకేసి చూశాడు. కొడుకు యుద్ధానికి పోకూడదని, తెల్లవారకముందే ఆ కోళ్లని మెడదాకా మేపింది తనే.

ఏనాడూ నమ్మని ఆకాశంవైపు మొదటిసారి చేతులు చాచాడు. సైన్యం గెలుస్తుందని ఇప్పుడు నిజంగా నమ్ముతున్నాడు. కొడుకు తిరిగొస్తాడని మాత్రం కోళ్లు చెప్పలేదు.