మెచ్చి ఇచ్చిన షేర్లు

మీటింగు హాలు మెట్లెక్కుతూ పెద్దాయన మూడోసారి చొక్కా జేబు తడుముకున్నాడు. షేరు కాగితాలు భద్రంగానే ఉన్నాయి.

"ఉన్నాయిలే నాన్నా, ఎక్కడికీ పోవు," అని నవ్వింది కూతురు.

ఆమె బిస్కెట్ల ఫ్యాక్టరీలో పదిహేనేళ్ళుగా ప్యాకింగు చేస్తోంది. దాన్ని మూసేయాలా వద్దా అన్నది ఈరోజు షేర్లున్నవాళ్ళు ఓటేసి తేల్చాలి. మూస్తే నాలుగు వందల కుటుంబాలు రోడ్డున పడతాయి. మొగుడు లేని ఆమె ఇల్లు అందరికంటే ముందు పడుతుంది.

పెద్దాయనకు మాత్రం రవ్వంత బెంగ లేదు. ఆయన పది షేర్లూ కొన్నవి కావు. అప్పట్లో కంపెనీవాళ్ళు పనితనం మెచ్చి ఊరికే ఇచ్చినవి. కళ్ళు పోయేలా చేసిన పని మరి! ఆ గొప్ప చెప్పీ చెప్పీ, కూతురితో పనిచేసేవాళ్ళందరి చేతా షేర్లు కొనిపించాడు.

"పదో పరకో కొనండర్రా. రేపు యజమాని తోక జాడిస్తే కత్తిరించేది మనమే," అనేవాడు.

ఇప్పుడు నూటికి డెబ్భై షేర్లు వాళ్ళవీ, వాళ్ళలాంటి చిన్నవాళ్ళవీ. ఛైర్మన్ కుటుంబానికి ఉన్నవి ముప్పై. ఇక గెలవకపోవడమేమిటి?

"ఇదంతా నీ చేతి చలవే నాన్నా," అంది కూతురు. పెద్దాయన పెళ్ళికొడుకులా సిగ్గుపడ్డాడు.

ఓట్లు పడ్డాయి. సెక్రటరీ లేచి గొంతు సవరించుకున్నాడు.

"మూసేయడానికి అనుకూలంగా నూటికి ఎనభై ఒక్క ఓట్లు. తీర్మానం నెగ్గింది."

హాలంతా గొల్లుమంది. కూతురు లేచి నిలబడింది.

"డెబ్భై షేర్లు మావైతే ఎనభై ఓట్లు మీకెలా వచ్చాయండీ? ఇదెక్కడి లెక్క?"

"ఛైర్మన్ గారి కుటుంబానికి షేరుకి పది ఓట్లమ్మా. మీకు షేరుకి ఒకటి."

"ఆ ముక్క మాకెవరు చెప్పారు?"

"మేమేం దాచలేదే! మొదట జనానికి షేర్లు అమ్మిననాడే పుస్తకంలో వేశాం." సెక్రటరీ పాత పుస్తకమొకటి తెచ్చి తొంభై నాలుగో పేజీ అడుగున వేలు పెట్టాడు.

ఆమెకు అక్కడ ఒక గీత కనిపించింది. ఎంత కళ్ళు చికిలించినా గీతే. పెద్దాయన జేబులోంచి భూతద్దం తీసి ఇచ్చాడు. అప్పుడు ఆ గీత అక్షరాలైంది.

"అందరూ టీ తాగి వెళ్ళండి," అన్నాడు వేదిక మీది ఛైర్మన్, గడియారం చూసుకుంటూ.

కూతురి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "ఇంత సన్నగా అచ్చేసినవాడి చేతులు పడిపోను! వాడి ఇంటిల్లిపాదీ అన్నానికి మలమల మాడిపోను!"

పెద్దాయన రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

ముప్పై ఏళ్ళ కిందట, ఆయన అచ్చులు కూర్చే ప్రెస్సుకు వచ్చి కంపెనీవాళ్ళు "ఇంకా సన్నం, ఇంకా సన్నం" అంటుంటే, అర్థం జోలికి పోకుండా ఆ వాక్యాన్ని అక్షరం అక్షరం కూర్చి గీతలా చేసిపెట్టినందుకే వాళ్ళు మెచ్చి ఆయనకు ఆ పది షేర్లు ఇచ్చారు.