మారు అడిగిన రోజులు

"ఆ రోజుల్లో నేను గడప దాటలేదు సార్. కావాలంటే అక్క పుస్తకం చూడండి," అన్నాడు బేడీల చేతులతో మా తమ్ముడు. ఇంటింటికీ వెళ్లి ఇంజక్షన్లు వేసే కాంపౌండరు వాడు. నలుగురు ముసలమ్మలు వాటితోనే పోయారు.

ఏ రోజు ఏం వండానో, ఇంట్లో ఎవరు తిన్నారో పుస్తకంలో రాస్తాను. వాడిది పిచ్చుక తిండి. మారు అడిగితే, ఆ కూర మళ్లీ వండాలని పక్కన టిక్కు పెడతాను.

ఇన్‌స్పెక్టరు పేజీలన్నీ తిప్పాడు. "టిక్కులు నాలుగే ఉన్నాయమ్మా. ఆ నలుగురూ పోయిన రోజులే."

"నీ చేతి వంట అలాంటిది మరి అక్కా," అని నవ్వాడు వాడు.

నేను ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాను.

"ఇంకొకటి రాసుకోండి సార్. మా అమ్మకూ వీడే ఇంజక్షన్లు వేసేవాడు. అమ్మ పోయిన రోజు నేను పుస్తకం ముట్టలేదు. ఆ రోజూ మారు అడిగాడు. ఏడ్చి నీరసపడ్డాడని కొసరి కొసరి వడ్డించాను."