బెల్టు మార్చారా?

బానెట్ ఎత్తి, ఇంజిన్ పక్కనున్న మూత విప్పి, లోపలి నల్లటి బెల్టును టార్చి వెలుతురులో చూపించాడు మెకానిక్.

"టైమింగ్ బెల్టు సార్. అంచులన్నీ పగిలిపోయాయి. ఇవాళో రేపో అన్నట్టుంది. మార్చేద్దామా?"

"మార్చకపోతే?" అన్నారు ఆఫీసరుగారు.

"తెగేదాకా నడుస్తుంది సార్. తెగిందంటే మాత్రం ఇంజిన్ ఉన్నపళంగా ఆగిపోతుంది. ఇంటి ముందు తెగితే ఇంజినొక్కటే పోతుంది. పెద్ద రోడ్డు మీద, మంచి స్పీడులో ఉండగా తెగితే..."

"తెలుసులేవయ్యా, నాకు చెప్పొచ్చావు! రేపోమాపో దీన్ని అమ్మేస్తున్నా. ఎవడో ఊరేగడానికి నేను బెల్టు వేయించాలా? మూత బిగించెయ్."

మెకానిక్ బిగించేశాడు.

ఆఫీసరుగారు తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన వీధిలో అడుగుపెడితే కొట్లలో త్రాసులు వాటంతటవే సరైపోయేవని చెప్పుకునేవారు. ఎదుటివాడి తూకంలో ఆవగింజంత తేడా వచ్చినా ఊరుకునేవారు కాదు.

ఇంట్లోనూ అంతే. తన మాట కాదని ఒక్కగానొక్క కూతురు మనసుపడ్డవాణ్ణి పెళ్ళి చేసుకుంటే, ఆ అబ్బాయి నల్లగా ఉంటాడో తెల్లగా ఉంటాడో కూడా చూడకుండా తలుపు మూసేశారు.

ఆయన కారు తెచ్చి నిలబెట్టేసరికి భార్య తడిగుడ్డ పట్టుకుని వచ్చింది.

"దీన్ని ఉంచుకుందామండీ. మీరు పక్కన కూర్చుని పిల్లకి డ్రైవింగ్ నేర్పిన బండి..."

"ఆ ఊసు ఈ ఇంట్లో ఎత్తొద్దన్నానా?"

ఆవిడ అద్దాలు తుడిచి, గుడ్డ పిండుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కొనడానికి వచ్చిన కుర్రాడు బక్కపల్చగా, మెతకగా ఉన్నాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. బానెట్ ఎత్తమనలేదు. కారు చుట్టూ మెల్లగా తిరిగి, వెనక తలుపు మీద ఎప్పుడో పిన్నుతో గీసిన వంకర నక్షత్రం దగ్గర ఆగాడు.

"దానికి రంగు వేయించి ఇస్తాలే" అన్నారు ఆఫీసరుగారు.

"వద్దండీ. అలాగే ఉండనివ్వండి."

'వీడికి కాస్త తిక్క ఉన్నట్టుంది' అనుకున్నారాయన. తిక్క ఉన్నవాడితో బేరం సుఖం.

"మా ఆవిడ ఒక్కటే అడగమందండీ. టైమింగ్ బెల్టు మార్చారా?"

ఆఫీసరుగారు రెప్ప కూడా వాల్చలేదు.

"ఆ మధ్యే మార్పించాను. ఇంకో నాలుగైదేళ్ళు దాని జోలికి వెళ్ళక్కర్లేదు."

కుర్రాడు పక్కకి వెళ్ళి ఫోన్లో మాట్లాడి, నవ్వుకుంటూ వచ్చాడు.

"ఓసారి మెకానిక్‌కి చూపిద్దామా అన్నానండీ. అక్కర్లేదంది. పెద్దాయన మార్చానన్నాక మళ్ళీ ఇంకొకళ్ళకి చూపించడమేంటని నామీదే కోప్పడింది."

తన పేరు అంతదూరం పాకిందా అని ఆయనకి లోలోపల కొంచెం గర్వం కూడా కలిగింది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వెర్రిబాగులవాళ్ళే దొరికారని నవ్వూ వచ్చింది.

బేరం కూడా ఆడకుండా తాళాలు తీసుకున్నాడు కుర్రాడు.

"త్వరలో ఇద్దరం ఈ బండిలోనే మీ ఇంటికి వస్తామండీ."

"వస్తే రండి గానీ, బండి వెనక్కి తీసుకునేది లేదు. ముందే చెప్తున్నా."

అది హాస్యమనుకుని కుర్రాడు గట్టిగా నవ్వాడు.

ఆ సాయంత్రం ఆఫీసరుగారు కాఫీ రెండోసారి అడిగి తాగారు. "ఎలా అంటగట్టానో చూశావా!" అని భార్యతో అన్నారు కూడా. ఆవిడ ఖాళీ అయిన కారు షెడ్డు వైపే చూస్తూ ఉంది.

ఆ నెల తిరగకుండానే కుర్రాడు మళ్ళీ వచ్చాడు. ఒక్కడే వచ్చాడు, నడిచి వచ్చాడు. చేతికి కట్టు ఉంది. చొక్కా మీద మరకలు అలాగే ఉన్నాయి.

"నిన్న పొద్దున ఇద్దరం మీ ఇంటికే బయల్దేరామండీ. పెద్ద రోడ్డెక్కాక బెల్టు తెగింది. బండి ఉన్నచోటే ఆగిపోయింది. వెనక లారీ ఆగలేదు."

మంచినీళ్ళు తెస్తున్న భార్య గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నా భార్య నడుపుతోందండీ. ఇప్పుడు తను లేదు."

ఆఫీసరుగారు అయ్యో అనబోయారు. అంతలోనే కేసు, కోర్టు, సాక్ష్యానికి మెకానిక్కు వరసగా కళ్ళ ముందు మెదిలాయి. భయమేస్తే గొంతు పెంచడం ఆయనకి ఉద్యోగంలో అబ్బిన విద్య.

"అమ్మేసిన బండికీ నాకూ సంబంధం లేదు!"

"గొడవకి రాలేదండీ. ఆ బెల్టు నిజంగా మార్చారా? అదొక్కటే చెప్పండి."

"మార్చానని ఆ రోజే చెప్పానా లేదా?"

"చెప్పారండీ. తనూ అదే నమ్మింది."

"మరింకేం! నడపడం చేతకానివాళ్ళకి స్టీరింగ్ ఇచ్చి, ఇప్పుడొచ్చి నా మీద పడతావా? ఆవిడకి డ్రైవింగ్ నేర్పినవాడెవడో, వెళ్ళి వాణ్ణి అడుగు!"

కుర్రాడు ఆయన మొహంలోకి చూశాడు. గొంతు కూడా పెంచలేదు.

"ఆయన్నే అడుగుతున్నాను, మామయ్యగారూ."